లెక్కలోకొచ్చే మ్యాచ్‌లు: చిన్న దేశాల రగ్బీ లీగ్ ఆటగాళ్ళకు విదేశీ కాంట్రాక్టు దారుల సమీక్ష

పాపువా న్యూ గినీ (పీఎన్‌జీ)లోనో ఫిజీలోనో జమైకాలోనో రగ్బీ లీగ్ బాగా ఆడే కుర్రాడికి "విదేశంలో కాంట్రాక్టు ఇప్పిస్తాం" అనే మాట ఏదో ఒక వైపు నుంచి వినపడుతూనే ఉంటుంది. ఆ మాట చెప్పేవాళ్ళలో దేశం తరఫున నడిచే జట్లున్నాయి, ఏజెంట్లున్నారు, హైలైట్ వీడియోలు చేసిపెట్టేవాళ్ళున్నారు, డబ్బు కట్టించుకుని ట్రయల్స్‌కు తీసుకెళ్ళేవాళ్ళున్నారు. ఆ సేవలన్నీ నిజంగా ఎంత దూరం తీసుకెళ్తాయో, ఎక్కడ ఆగిపోతాయో, ఎందుకు ఆగిపోతాయో చెప్పడానికే ఈ సమీక్ష. మార్కులు 5కి.

ముందుగా సీట్ల లెక్క. 13 మంది ఆడే ఈ ఆటలో కుటుంబాన్ని పోషించుకునేంత జీతమిచ్చే పెద్ద పోటీలు రెండే. ఒకటి ఎన్‌ఆర్‌ఎల్ (నేషనల్ రగ్బీ లీగ్): ఆస్ట్రేలియా క్లబ్బులు, న్యూజిలాండ్ నుంచి ఒక క్లబ్బు, 2023 నుంచి మొత్తం 17. రెండోది ఇంగ్లండ్, ఫ్రాన్స్ క్లబ్బులు ఆడే సూపర్ లీగ్. ఎన్‌ఆర్‌ఎల్ క్లబ్బు ప్రధాన జాబితాలో 30 మంది ఉంటారు. అంటే 17 క్లబ్బులకు కలిపి 510 సీట్లు. 2023లో ఆ సీటుకు కనీస జీతం 120,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. ఆ సీట్లలో పసిఫిక్ దీవుల పేర్లు ఎన్నో కనిపిస్తాయి కాబట్టి దారి విశాలంగానే ఉందని చాలామంది అనుకుంటారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. సమోవా 2022 ప్రపంచ కప్ ఫైనల్ దాకా వెళ్ళింది, టోంగా 2019లో ఆస్ట్రేలియాను ఓడించింది. కానీ ఆ జట్లలో ఎక్కువమంది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ బడుల్లో, అక్కడి క్లబ్బుల జూనియర్ జట్లలో పెరిగినవాళ్ళు. వాళ్ళకు వీసా గొడవ లేదు, పదిహేనేళ్ళ వయసు నుంచే వాళ్ళ వీడియోలు, కొలతలు క్లబ్బుల దగ్గరున్నాయి. సమోవా రాజధాని ఆపియాలోనో టోంగా రాజధాని నుకుఅలోఫాలోనో పెరిగిన కుర్రాడి పరిస్థితి పూర్తిగా వేరు. ఈ సమీక్ష ఆ రెండో కుర్రాడి కోసం.

అతని దగ్గర క్లబ్బు, దేశ క్రీడా సమాఖ్య, వీసా అధికారి ముగ్గురూ తిప్పితిప్పి అడిగేది ఒకటే: ఏ పోటీలో, ఏ స్థాయిలో, ఎన్ని మ్యాచ్‌లు ఆడావు? సొంత ఊరి టోర్నీలో వంద ట్రైలు (ఎదుటివాళ్ళ గీత దాటి బంతిని నేలకు ఆనించి తెచ్చే పాయింట్లు) వేసినా ఆ ప్రశ్నకు జవాబు కాదు. అందుకే ఏ సేవనైనా మేం తూచిన రాయి ఇదొక్కటే: అది లెక్కలోకొచ్చే మ్యాచ్‌లు ఆడిస్తుందా?

పీఎన్‌జీ హంటర్స్: 4½

ఆ రాయితో తూస్తే దీనికి సాటి ఇంకొకటి లేదు. పీఎన్‌జీ తరఫున నడిచే ఈ జట్టు 2014లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ కప్‌లో చేరింది. ఎన్‌ఆర్‌ఎల్‌కు సరిగ్గా ఒక మెట్టు కింద ఉండే పోటీ అది. పై జట్టులో ఆ వారం చోటు దక్కనివాళ్ళు, గాయం మానాక మళ్ళీ కాలు కూడదీసుకుంటున్నవాళ్ళు, పైకి రాబోతున్న కుర్రాళ్ళు అందులో ఆడతారు. అంటే పీఎన్‌జీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి దిగిన వింగర్‌కు (మైదానం అంచున ఆడేవాడికి) ఎదురుగా నిలబడేది నిన్నటిదాకా ఎన్‌ఆర్‌ఎల్‌లో ఆడినవాడో, రేపు ఆడబోయేవాడో. చూసే సెలెక్టర్‌కు కొలబద్ద అక్కడికక్కడే దొరికిపోతుంది. సీజన్ పొడుగునా వారం వారం మ్యాచ్ ఉంటుంది, వీడియో ఉంటుంది, అంకెలుంటాయి. 2017లో సన్‌షైన్ కోస్ట్ ఫాల్కన్స్‌ను 12–10తో ఓడించి కప్పు కూడా గెలిచారు.

ఫలితాలు కళ్ళముందున్నాయి. పీఎన్‌జీలోని చింబు కొండల్లోంచి వచ్చి, లే నగరంలోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదువుకున్న జస్టిన్ ఓలమ్ హంటర్స్ నుంచే ఎన్‌ఆర్‌ఎల్ క్లబ్బు మెల్‌బోర్న్ స్టార్మ్‌కు వెళ్ళాడు. 2020లో ప్రీమియర్‌షిప్ (ఎన్‌ఆర్‌ఎల్ టైటిల్) గెలిచాడు, 2021లో ఎన్‌ఆర్‌ఎల్ వార్షిక డాలీ ఎం పురస్కారాల్లో ఆ ఏటి ఉత్తమ సెంటర్ (వింగర్ పక్కన ఆడేవాడు) అయ్యాడు. ఎడ్విన్ ఇపాపే 2022లో ఇంగ్లండ్‌లోని లీ క్లబ్బుకు వెళ్ళి, మరుసటి ఏడే వెంబ్లీలో చాలెంజ్ కప్ ఎత్తాడు. రోడ్రిక్ టాయ్, జూడా రింబు ఇంగ్లండ్ క్లబ్బులు వారింగ్టన్‌కు, కాసిల్‌ఫర్డ్‌కు వెళ్ళింది కూడా ఈ గుమ్మంలోంచే. అంతకు ముందు వెళ్ళినవాళ్ళు లేరని కాదు. స్టాన్లీ జీన్ 1996 నుంచి ఇంగ్లండ్ క్లబ్బు హల్ కేఆర్‌లో ఆడాడు. మార్కస్ బాయి 1999లో స్టార్మ్‌తో ఎన్‌ఆర్‌ఎల్, 2004లో లీడ్స్‌తో సూపర్ లీగ్ గెలిచాడు. కానీ ఆ రోజుల్లో బయటివాళ్ళ కంట పడాలంటే దేశం తరఫున ఆడే కొద్దిపాటి మ్యాచ్‌లే దిక్కు. ఒక్క మ్యాచ్ సరిగ్గా ఆడకపోతే మళ్ళీ అవకాశం ఎప్పుడో తెలియదు.

హంటర్స్‌లో ఆడుతున్న కుర్రాడు తెలుసుకోవాల్సింది, సెలెక్టర్ అతని వీడియోలో ఏం వెతుకుతాడన్నది. పీఎన్‌జీ ఆటగాడు గట్టిగా ఢీకొడతాడని అందరికీ తెలుసు. అది చూడడానికి ఎవరూ గంటలు వెచ్చించరు. ఆ ఢీ తర్వాత లేచి 10 మీటర్లు వెనక్కి వచ్చి, డిఫెన్స్ వరసలో తన చోట నిలబడడానికి ఎంతసేపు పట్టిందో చూస్తారు. 60వ నిమిషం తర్వాత వరసగా రెండు, మూడు టాకిల్స్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం) చేసి వెంటనే బంతి అందుకుని పరిగెత్తగలడా అని చూస్తారు. లోపలివాడు వదిలేసిన టాకిల్ కోసం తన మనిషిని వదిలి లోపలికి దూరుతున్నాడా అన్నది సెంటర్ల విషయంలో కీలకం, ఎందుకంటే అంచున పడే ట్రైలలో చాలావరకు అలా పుట్టేవే. బంతిని కాలితో వెనక్కి నెట్టి ఆట మళ్ళీ మొదలుపెట్టే వేగం ఫార్వర్డ్‌లకు (ముందు నిలిచి ఢీకొట్టే భారీ ఆటగాళ్ళకు) ప్రాణం. దాంతోపాటు బ్రాంకో పరీక్ష: 20, 40, 60 మీటర్లు వెళ్ళి రావడం, అలా 5 సార్లు, మొత్తం 1,200 మీటర్లు. ఎవరూ సాయం చేయకుండా ఇంట్లోనే కొలుచుకోగలిగినది అది. 5 నిమిషాలు దాటే కుర్రాడు ఏజెంటుకు ఫోన్ చేసేముందు ఇంకో మూడు నెలలు పరిగెత్తడం మేలు.

ఆడే స్థానాన్ని బట్టి కూడా అవకాశం మారుతుంది. వింగర్, సెంటర్, హుకర్ (టాకిల్ తర్వాత బంతిని ముందుగా అందుకుని పంచేవాడు), అంచున ఆడే ఫార్వర్డ్ త్వరగా కుదురుకుంటారు. హాఫ్‌బ్యాక్‌కు కష్టం. జట్టు మొత్తాన్ని ఇంగ్లీషులో అరిచి నడపాల్సినవాడు అతనే. పీఎన్‌జీ వాడుక భాష టోక్ పిసిన్‌లో ఎంత చురుకైనవాడైనా, ఆ అరుపు వేరే భాషలో అప్రయత్నంగా నోటికి రావడానికి ఒక సీజన్ పడుతుంది. క్లబ్బులు ఆ సీజన్ ఆగవు.

అర మార్కు ఎందుకు తగ్గించామంటే వయసు వల్ల. దేశవాళీ డిజిసెల్ కప్‌లో రాటుదేలి, హంటర్స్‌కు ఎంపికై, అక్కడ రెండు సీజన్లు నిలదొక్కుకునేసరికి ఆటగాడికి 25 దాటిపోతుంది. అదే పనికి 19 ఏళ్ళవాడు బ్రిస్బేన్ శివార్లలో దొరుకుతున్నప్పుడు ఎన్‌ఆర్‌ఎల్ క్లబ్బు తన 30 సీట్లలో ఒకటి ఆ 19 ఏళ్ళవాడికే ఇస్తుంది. ఇది మారే అవకాశం ఉంది. పీఎన్‌జీ జట్టు 2028లో నేరుగా ఎన్‌ఆర్‌ఎల్‌లో అడుగుపెడుతుందని 2024 డిసెంబరులో ప్రకటించారు. దాని వెనక ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్ళకు 600 మిలియన్ ఆస్ట్రేలియన్ డాలర్లు పెడుతోంది. అది రావడం గొప్ప సంగతి. అయినా కొత్త క్లబ్బు మొదటి ఏళ్ళలో అనుభవమున్నవాళ్ళనే ఎక్కువగా కొంటుంది. స్థానిక కుర్రాళ్ళందరికీ 2028లో తలుపు తెరుచుకుంటుందని నమ్మి హంటర్స్ సీటును తేలిగ్గా చూడకూడదు.

కైవిటి సిల్క్‌టెయిల్స్: 3½

ఫిజీకి ఇలాంటి గుమ్మం 2020లో తెరుచుకుంది. లౌతొకా కేంద్రంగా సిల్క్‌టెయిల్స్ న్యూ సౌత్ వేల్స్ పోటీల్లోకి వచ్చింది. మొదట చేరిన రాన్ మాసీ కప్ క్వీన్స్‌లాండ్ కప్ కంటే కింది స్థాయి. కాబట్టి అక్కడ ఆడిన మ్యాచ్‌లకు ఆస్ట్రేలియా క్లబ్బుల దగ్గర విలువ ఉన్నా, ఇంగ్లండ్ కాగితాల్లో బలం తక్కువ. చిన్న వయసులో కంటపడడానికి మాత్రం చక్కటి చోటు. అదే ఫిజీ నుంచి విలియామే కికావు ఆస్ట్రేలియాలోని క్లబ్బు యువజట్టు ద్వారా ఎదిగాడన్నది గుర్తుంచుకోవాలి: 18, 19 ఏళ్ళకే వెళ్ళగలిగితే ఆ దారే దగ్గర.

ఆడపిల్లలకు ఇలా వారం వారం ఆడించే జట్టే లేదు. పీఎన్‌జీ మహిళల జట్టు ఆర్కిడ్స్ కెప్టెన్ ఎల్సీ ఆల్బర్ట్ ఎన్‌ఆర్‌ఎల్‌డబ్ల్యూలో (ఎన్‌ఆర్‌ఎల్ మహిళల పోటీలో) నిలదొక్కుకుంది గానీ, ఆమె వెనకాలే ఇంకో ఇరవైమంది వెళ్ళడానికి దారి వేయలేదు. సీజన్ పొట్టిది, డబ్బు తక్కువ, వీసా ఖర్చు మాత్రం అంతే. ఇది సరిచేయాల్సిన అన్యాయం.

ఆస్ట్రేలియా రెండో స్థాయి క్లబ్బుతో నేరుగా ఒప్పందం: 2½

ఎన్‌ఆర్‌ఎల్‌లో విదేశీ ఆటగాళ్ళకు కోటా లేదు. కాబట్టి ఒక మెట్టు కింద క్లబ్బులో చేరి పైకి ఎక్కుదామనుకోవడం సహజం. అడ్డం పడేది కోటా కాదు, కూడు. ఆ స్థాయి ఆటగాళ్ళలో చాలామంది పగలు ఇంకో పని చేసుకుంటారు: పరంజాలు కట్టడం, బడిలో పాఠాలు చెప్పడం, గిడ్డంగిలో పని. క్లబ్బిచ్చేది ఎక్కువగా మ్యాచ్ డబ్బే. విదేశీ ఆటగాడు సాధారణంగా వచ్చేది సబ్‌క్లాస్ 408 అనే తాత్కాలిక వీసా మీద, క్రీడా విభాగంలో, గరిష్ఠంగా రెండేళ్ళకు. ఆ వీసా మీద స్పాన్సర్ చేసినవాళ్ళు చెప్పిన పని మాత్రమే చేయాలి. పగలు పరంజా ఎక్కితే వీసా షరతు తప్పినట్టే. అంటే స్థానిక ఆటగాడికి మ్యాచ్ డబ్బు ఇచ్చి సరిపెట్టే క్లబ్బు, ఈ కుర్రాడికి ఇల్లు, తిండి, నెలకింత అని ఇచ్చుకోవాలి. ఒకే స్థాయి ఆటకు రెండింతల ఖర్చు. చాలా ఒప్పందాలు ఇక్కడే చల్లారిపోతాయి.

ఆరోగ్య బీమా కూడా తోడవుతుంది. ఇంగ్లండ్, న్యూజిలాండ్ పౌరులకు ఆస్ట్రేలియాలో ప్రభుత్వ వైద్యం అందే పరస్పర ఒప్పందముంది. పీఎన్‌జీ, ఫిజీలకు లేదు. ప్రైవేటు బీమా తప్పదు. మోకాలి శస్త్రచికిత్స దాని కిందికి వస్తుందా, చేరిన రోజు నుంచే వస్తుందా అని పాలసీ కాగితంలో చూసుకోకుండా మైదానంలోకి దిగకూడదు.

పసిఫిక్ కార్మికుల పథకం కింద పళ్ళతోటల్లోకో మాంసం ప్లాంట్లలోకో వచ్చి, వారాంతాల్లో ఆ ఊరి లీగ్ ఆడేవాళ్ళూ ఉన్నారు. ఆడుకోవడానికి బాగానే ఉంటుంది, దేహం పదునుగా ఉంటుంది. కాంట్రాక్టు దారిగా మాత్రం లెక్కపెట్టలేం, ఎందుకంటే ఆ ఊరి లీగ్ ఏ కాగితంలోనూ లెక్కలోకి రాదు.

ఇంగ్లండ్ దారి: 3

ఇక్కడ పాత రోజుల సంగతి తెలిస్తేనే ఇప్పటి ఇబ్బంది అర్థమవుతుంది. మారోష్ కోల్పాక్ అనే స్లొవాకియా హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్ కేసులో 2003లో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు రగ్బీ లీగ్‌ను కూడా మార్చేసింది. ఐరోపా సమాఖ్యతో ఒప్పందమున్న దేశాల పౌరుడు చట్టబద్ధంగా ఉద్యోగంలో ఉంటే అతన్ని విదేశీయుడిగా లెక్కగట్టకూడదన్నది దాని సారం. 2000లో కుదిరిన కొటొనూ ఒప్పందంలో పీఎన్‌జీ, ఫిజీ, సమోవా, టోంగా ఉన్నాయి. దాంతో ఆ పాస్‌పోర్టు ఉన్నవాడు సూపర్ లీగ్ క్లబ్బుకు ఆస్ట్రేలియా ఆటగాడి కంటే చౌకగా, సులువుగా కనిపించేవాడు. బ్రెగ్జిట్ తర్వాత 2020 చివరితో ఆ ఆసరా పోయింది. ఇప్పుడు పీఎన్‌జీ కుర్రాడు, ఎన్‌ఆర్‌ఎల్‌లో 150 మ్యాచ్‌లు ఆడిన ఆస్ట్రేలియా ఆటగాడు ఇద్దరూ అదే విదేశీ ఆటగాళ్ళ కోటా సీటు కోసం నిలబడాలి. చాలా సీజన్లపాటు క్లబ్బుకు ఆ సీట్లు 7. సంఖ్య సీజన్‌ను బట్టి మారుతుంది, కాబట్టి చేరబోయే సీజన్ నిబంధనలే చూడాలి. సీట్లు పెరిగినా పోటీదారు మాత్రం ఆ ఆస్ట్రేలియా ఆటగాడే.

బ్రిటన్ వీసా పేరు ఇంటర్నేషనల్ స్పోర్ట్స్‌పర్సన్, 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. వరస ఇది. ముందు క్లబ్బుకు స్పాన్సర్ లైసెన్సు ఉండాలి. లైసెన్సున్నవాళ్ళ జాబితాను బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైట్‌లోనే పెడుతుంది, ఎవరైనా పేరు వెతికి చూసుకోవచ్చు. ఉత్తరాలు రాసేముందు ఆ పని చేస్తే నెలల ఎదురుచూపు తప్పుతుంది. కింది స్థాయి క్లబ్బు ఎంత ప్రేమగా పిలిచినా లైసెన్సు లేకపోతే ఏమీ చేయలేదు. తర్వాత క్రీడా సమాఖ్య ఆమోదం కావాలి: ఆటగాడు అంతర్జాతీయంగా అత్యున్నత స్థాయిలో నిలదొక్కుకున్నవాడని, అతని రాక దేశంలో ఆటకు మేలు చేస్తుందని అక్కడి సమాఖ్య రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ చెప్పాలి. హంటర్స్ మ్యాచ్‌లు, పసిఫిక్ చాంపియన్‌షిప్స్‌లో దేశం తరఫున ఆడిన మ్యాచ్‌లు బరువు చూపేది ఇక్కడే. జమైకా, సెర్బియా ఆటగాడు చిక్కుకునేదీ ఇక్కడే: దేశం తరఫున ఆడతాడు, కానీ ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు?

ఆమోదం వచ్చాక క్లబ్బు స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తుంది. పేరుకు సర్టిఫికెట్టే గానీ కాగితమేమీ ఉండదు, ఒక నంబరు మాత్రమే. అది ఇచ్చిన 3 నెలల్లోగా వీసా దరఖాస్తు పడాలి.

ఆ మూడు నెలలను తినేసేది క్షయ పరీక్ష. పీఎన్‌జీతో సహా చాలా దేశాలవాళ్ళు 6 నెలలకు మించి ఉండాలంటే, బ్రిటన్ ఆమోదించిన క్లినిక్‌లోనే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి. క్షయ ఎక్కువగా ఉన్న దేశంలో పెరిగినవాడి ఊపిరితిత్తిపై పాత మచ్చ కనపడడం అరుదేం కాదు. మచ్చ కనపడితే కఫం కల్చర్‌కు పంపుతారు, ఫలితానికి 8 వారాలు పట్టవచ్చు. స్పాన్సర్‌షిప్ నంబరు వచ్చాక ఎక్స్‌రేకు వెళ్ళినవాడికి ప్రీ సీజన్ (సీజన్‌కు ముందు శిక్షణ) గల్లంతే. క్షయ పరీక్ష సర్టిఫికెట్ 6 నెలలు చెల్లుతుంది కాబట్టి, మాటలు గట్టిపడగానే, ఒప్పందంపై సంతకం కాకముందే పరీక్ష చేయించుకోవడం మంచిది. మా సలహాల్లో ఒక్కటే పాటించే ఓపికుంటే ఇది పాటించండి.

12 నెలలకు మించిన వీసా అడిగితే ఇంగ్లీషు ఏ1 (A1, అన్నిటికంటే కింది) స్థాయి పరీక్ష ఉంటుంది. కష్టమైనదేం కాదు, కానీ ఆమోదించిన కేంద్రంలోనే రాయాలి. జమైకా వాళ్ళకు ఇది అక్కర్లేదు, పీఎన్‌జీ, ఫిజీ వాళ్ళకు కావాలి. ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన డిగ్రీ ఉంటే దాంతోనూ తీరుతుంది. ఖర్చుల విషయానికొస్తే, ప్రభుత్వ వైద్యం కోసం కట్టే ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 1,035 పౌండ్లు, రెండేళ్ళ వీసా అయితే రెండేళ్ళదీ ముందే కట్టాలి. ఖాతాలో 1,270 పౌండ్లు వరసగా 28 రోజులు కదలకుండా ఉన్నట్టు చూపాలి. ‘A’ రేటింగ్ ఉన్న స్పాన్సర్ తానే భరిస్తానని స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌లో రాస్తే ఆ నిల్వ చూపక్కర్లేదు. క్లబ్బు ఆ గడిలో టిక్ పెట్టడం మర్చిపోతే, ఊళ్ళో అందరి దగ్గరా అప్పుచేసి 28 రోజులు కూర్చోవాల్సింది ఆటగాడే.

ఇపాపే లాంటివాళ్ళ విజయాన్ని చూసి ఒక సంగతి గమనించాలి. అతను వెళ్ళేనాటికి లీ ఆడుతున్నది సూపర్ లీగ్‌లో కాదు, దాని కింది చాంపియన్‌షిప్‌లో. కోచ్ ఆడ్రియన్ లామ్ పీఎన్‌జీ మాజీ కెప్టెన్. హంటర్స్ మ్యాచ్‌కు అసలు బరువెంతో వేరేవాళ్ళు చెప్పనక్కర్లేదు ఆయనకు. పసిఫిక్ ఆటను ఎరిగిన కోచ్ ఉన్న క్లబ్బులను ముందు వెతకాలి. సూపర్ లీగ్ పేరు చూసి అన్ని క్లబ్బులకూ ఒకే ఉత్తరం పంపితే ప్రయోజనం ఉండదు.

ఫ్రాన్స్ దేశవాళీ లీగ్ గురించి రెండు మాటలు చాలు: డబ్బు తక్కువ, భాష కొత్త. ఇంగ్లండ్ క్లబ్బులతో ఆడే ఫ్రెంచి క్లబ్బులు కాతలాన్స్, తులూజ్ కంటికి దగ్గరలో ఉండడమే లాభం. 2½.

అక్రెడిటేషన్ ఉన్న ఏజెంటు: 3, లెక్కలోకొచ్చే మ్యాచ్‌లు చేతిలో ఉంటే 4

ఎన్‌ఆర్‌ఎల్ దగ్గర గుర్తింపు పొందిన ఏజెంట్ల జాబితా ఉంది, ఇంగ్లండ్‌లోనూ నమోదు ఉంది. పేరు ఆ జాబితాలో లేకపోతే అక్కడితో మాటలు ఆపేయాలి. మంచి ఏజెంటు చేసే పని తలుపు తట్టడం ఒక్కటే కాదు. ఏ క్లబ్బులో ఏ స్థానం ఖాళీ అవుతోందో అతనికి ముందే తెలుస్తుంది. ఎన్‌ఆర్‌ఎల్‌లో ఒప్పందం చివరి ఏడాదిలో ఉన్న ఆటగాడితో వేరే క్లబ్బులు నవంబరు 1 నుంచి మాట్లాడవచ్చు. అప్పటి నుంచి సీట్లు కదులుతూ ఉంటాయి, మిగిలిపోయిన సీట్లు చివర్లో చౌకగా దొరుకుతాయి. చిన్న దేశం ఆటగాడికి దక్కేవి ఎక్కువగా ఆ మిగిలిన సీట్లే. కాబట్టి నవంబరు, డిసెంబరు నెలల్లో ఏజెంటు ఫోను ఎత్తుతున్నాడా లేదా అన్నదే అతని విలువ.

అతని ప్రతిఫలం ఒప్పందం కుదిరాక, వచ్చే డబ్బులోంచి శాతంగా ఉండాలి. సంతకానికి ముందే "రిజిస్ట్రేషన్", "ఫైలు ఖర్చు", "క్లబ్బు డిపాజిట్" అని అడిగేవాడు ఏజెంటు కాదు. ఇంకో ప్రమాదం: కుటుంబ స్నేహితుడికి ఒక కాగితం, ఊరి క్లబ్బు అధ్యక్షుడికి ఇంకో కాగితం, అసలు ఏజెంటుకు మూడోది రాసిచ్చి కూర్చోవడం. ముగ్గురు ప్రతినిధులున్న ఆటగాణ్ణి క్లబ్బు వదిలేస్తుంది. ప్రాతినిధ్య ఒప్పందం ఒక్కటే ఉండాలి, దాని గడువు రెండేళ్ళకు మించకపోవడం నయం.

హైలైట్ వీడియోలు: 2. డబ్బు కట్టే ట్రయల్ యాత్రలు: 1

మూడు నిమిషాల వీడియోలో ప్రతివాడూ ఓలమ్‌లాగే కనపడతాడు. సెలెక్టర్లకు అది తెలుసు. పని జరగాలంటే ఈ ఏడాది ఆడిన మూడు మ్యాచ్‌లు, పూర్తి 80 నిమిషాలు, కోత లేకుండా పంపాలి. అందులో ఓడిన మ్యాచ్ ఒకటుండాలి. ఎదుటి జట్టు పేరు, పోటీ పేరు, తేదీ, జెర్సీ నంబరు మొదటి వరసలోనే రాయాలి. కెమెరా ఎత్తున, మధ్య గీత దగ్గర ఉండాలి. ఫోను పట్టుకుని బంతి వెంట పరిగెత్తించిన వీడియోలో వరస కనపడదు, వరస కనపడని చోట డిఫెన్స్ చూడలేరు. ఇవన్నీ ఒక మిత్రుడు నిచ్చెన ఎక్కి చేయగలిగిన పనులే. వీటికి పెద్ద మొత్తం కట్టడం దండగ.

ట్రయల్ యాత్రల మీద మాత్రం మా కోపం దాచుకోలేం. బ్రిటన్ సందర్శక వీసా మీద ట్రయల్‌కు హాజరు కావచ్చు, ప్రేక్షకులు టికెట్ కొని చూసే మ్యాచ్ కాకపోతే. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఆశలమ్మేవాళ్ళు తర్వాతి సంగతి చెప్పరు. సందర్శక వీసా మీద అక్కడే ఉండి ఒప్పందం మీద ఆడడం కుదరదు, అసలు వీసాకు మళ్ళీ దేశానికి వచ్చి దరఖాస్తు పెట్టాలి. "ఔత్సాహికుడిగా క్లబ్బులో ఆడు" అని పంపడం ఇంకా ప్రమాదం. ఆ నిబంధనలో ఔత్సాహికుడంటే కేవలం సొంత ఆనందం కోసం ఆడేవాడు, ఆట ద్వారా బతుకుతెరువు వెతుక్కోనివాడు. సంచిలో హైలైట్ వీడియో, ఫోనులో ఏజెంటు సందేశాలు ఉన్న కుర్రాడు ఆ నిర్వచనంలో ఇమడడు. విద్యార్థి వీసా మీద వెళ్ళి ఆడడమూ అంతే. వృత్తి క్రీడాకారుడి నిర్వచనం డబ్బు తీసుకోనివాళ్ళకూ వర్తిస్తుంది. సెమీ ప్రొఫెషనల్ జట్టులో ఉచితంగా ఆడినా వీసా పోవచ్చు. అలా ఒకసారి వెనక్కి పంపితే, ఆ ముద్ర తర్వాతి ప్రతి దరఖాస్తులోనూ కనపడుతుంది. ఆ 1 మార్కు కూడా, ఒక క్లబ్బు పేరు పెట్టి, తేదీ పెట్టి రాతపూర్వకంగా పిలిచిన ట్రయల్ అయితేనే.

ఒప్పందం చేతికొచ్చాక

మొదటి చిక్కు పేరే. జనన ధ్రువీకరణలో ఒకటి, పాస్‌పోర్టులో ఒకటి, దేశ సమాఖ్య రిజిస్టరులో ఇంకొకటి ఉంటే ఆడిన మ్యాచ్‌లు ఇతనివేనని నిరూపించడమే పెద్ద పనవుతుంది. పుట్టిన తేదీ తేడా ఇంకా చెడ్డది. హంటర్స్ ఎంపిక దాకా ఆగకుండా, డిజిసెల్ కప్‌లో పేరు నమోదు చేసేరోజే పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా రాయించాలి. దేశం వదిలేముందు సొంత సమాఖ్య నుంచి క్లియరెన్సు కూడా కావాలి. పాత క్లబ్బుకు బాకీ ఉన్నా, జెర్సీ తిరిగివ్వకపోయినా అది అక్కడ ఆగుతుంది.

ఒప్పందంలో చూడాల్సినవి: వీసా రాకపోతే ఏమవుతుంది, రెండు వైపుల విమాన టికెట్లు ఎవరివి, ఇంటి అద్దె జీతంలోంచి కోస్తారా, గాయపడిన వారాల్లో మూల జీతం వస్తుందా, ఏడాది చివర్లో దేశం తరఫున ఆడడానికి వదులుతారా. బ్రిటన్‌లో క్లబ్బు మధ్యలో వదిలేస్తే, సాధారణంగా 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవాలి లేదా దేశం వదలాలి. అందుకే "పరస్పర అంగీకారంతో ముగింపు" అన్న కాగితం మీద ఏజెంటు చూడకుండా సంతకం పెట్టకూడదు.

కాగితాల్లో కనపడని భారం ఇంకొకటి. పీఎన్‌జీలో వన్‌టోక్ అంటే ఒకే భాష మాట్లాడే తనవాళ్ళు. ఒకడికి దక్కింది అందరికీ దక్కాలన్నది అక్కడి నీతి. ఒక జీతం మీద నలభైమంది ఆశలుంటాయి. మొదటి నెలలోనే ఎంత పంపాలో ఇంటి పెద్దతో మాట్లాడుకుని, నెలకు ఒకేసారి, ఒకే ఖాతాకు పంపే ఏర్పాటు చేసుకున్నవాళ్ళు నిలబడ్డారు. రాత్రి రెండింటికి ఫోన్లు ఎత్తి ఉదయం శిక్షణకు వెళ్ళేవాడి టాకిల్ అంకెలు నెల తిరిగేలోపే పడిపోతాయి. ఈ సంగతి క్లబ్బుల సంక్షేమ అధికారులకూ అర్థం కావాలి. ఉత్తర ఇంగ్లండ్ జనవరి చలిలో, తన భాష మాట్లాడేవాడు ఒక్కడూ లేని ఇంట్లో కుర్రాణ్ణి ఒంటరిగా పెట్టి "కుదురుకోలేకపోయాడు" అని రాసెయ్యడం దారుణం. ఒకే క్లబ్బుకు లేదా పక్క పక్క క్లబ్బులకు ఇద్దరు వెళ్తే ఇద్దరూ నిలబడే అవకాశం ఎక్కువ.

చివరిగా, ఆస్ట్రేలియాలో ఆడి తిరిగి వచ్చేవాళ్ళు వదిలేసే డబ్బొకటి ఉంది. యజమాని కట్టే సూపరాన్యుయేషన్ (పదవీవిరమణ నిధి), 2025 జూలై నుంచి జీతంపై 12 శాతం. తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్ళు ఆ వీసా ముగిసి, దేశం వదిలాక దాన్ని వెనక్కి అడగవచ్చు. మామూలుగా 35 శాతం పన్ను పోతుంది, మిగిలింది ఖాతాలో పడుతుంది. దానికి పన్ను ఫైలు నంబరు, ఫండు పేరు, సభ్యత్వ నంబరు, పాస్‌పోర్టు ప్రతి కావాలి. ఆస్ట్రేలియా ఫోను నంబరు ఆగిపోయాక ఆ ఫండు ఖాతాలోకి ప్రవేశించడమే కష్టమవుతుంది, కాబట్టి విమానం ఎక్కే వారం ముందే సొంత ఈమెయిలు, ఇంటి చిరునామా అందులో మార్చుకోవాలి.